తెలుగునేలపై ద్రాక్షతోట: పునరుద్ధరణ, సుస్థిరసేద్యం – పల్నాటికి అన్వయం

వ్యాససంగ్రహం

విజయనగరకాలం నుంచి గోల్కొండ, నిజాం రాజ్యాల వరకు తెలుగువారి చరిత్రలో ద్రాక్షతోట ప్రస్తావన కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దిలో హైదరాబాదు పరిసరాల్లో వర్ధిల్లిన తోటలు ఎక్కువకాలం నిలవలేదు. ఆ క్షీణతకు కారణాలను, పాతతోటను సుస్థిరపద్ధతుల్లో తిరిగి నిలబెట్టే ప్రక్రియను ఈ వ్యాసం వివరిస్తుంది. వైన్ తయారీని చేపట్టిన ఒక తెలుగు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొని, పల్నాడు జిల్లా మాచవరం ప్రాంతానికి ఈ అంశాలను అన్వయిస్తుంది. తీగ ఆయుష్షుకు, సాగుదారుకు భూమిపై ఉన్న గడువుకు పొంతన లేనిచోట సుస్థిరసేద్యం నిలవదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ద్రాక్షసాగు, వైన్, అనాబ్-ఎ-షాహీ, పాతతోట, ప్రకృతి వ్యవసాయం, కౌలు, పల్నాడు, మాచవరం.

1. ఉపోద్ఘాతం

వరి, పత్తి, మిరప ఏడాది పంటలు. ఒక ఏడు నష్టం వస్తే మరుసటి ఏడు రైతు వేరే పంటకు మారవచ్చు. ద్రాక్ష అలాంటిది కాదు. మొక్క నాటి, రాళ్ళు పాతి, తీగలు లాగి, పందిరి వేసిన తరువాత మొదటి కాపుకు రెండు మూడేళ్ళు ఆగాలి. పెట్టిన పెట్టుబడి తిరిగి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. అందువల్ల ద్రాక్షతోట ఒక పంటగానే కాక, భూమితో కుటుంబం కుదుర్చుకొన్న దీర్ఘకాల ఒప్పందంగా కూడా పనిచేస్తుంది.

ఐరోపాలో వైన్ తయారుచేసే కుటుంబాలు తాతలనాటి తోటలను పునరుద్ధరించడం నేడు విస్తృతంగా చర్చకు వస్తున్న విషయం. తెలుగునేలకు ఈ చర్చను అన్వయించేటప్పుడు మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. ఇక్కడ పునరుద్ధరించడానికి పాతతోట ఉన్నదా? ఉంటే అది ఎందుకు పోయింది? తిరిగి నిలబెట్టడానికి మట్టి, నీరు, యాజమాన్యం ఏ స్థితిలో ఉండాలి? ఈ మూడింటికీ వరుసగా సమాధానం వెతకడం ఈ వ్యాసలక్ష్యం.

2. పదాలలో, పాకాలలో ద్రాక్ష

సంస్కృతకోశాలు ద్రాక్షకు మృద్వీక, గోస్తని మొదలైన పర్యాయపదాలను చెబుతాయి. మృద్వీక నుంచి పుట్టిన మార్ద్వీకం ద్రాక్షరసంతో చేసిన మద్యానికి పేరు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుని విధులను చెప్పే ప్రకరణం ద్రాక్షరసపు మద్యాన్ని మధువుగా పేర్కొంటుంది. అది పుట్టిన దేశాన్ని బట్టే దానికి కాపిశాయనం, హారహూరకం అనే పేర్లు వచ్చాయని వివరిస్తుంది. కాపిశి నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని ప్రాంతం. వైన్‌కు ఊరిపేరే గుర్తింపు కావడమనే భావన నేటి భౌగోళికసూచికల చట్టాలకు ఆధారం. ఆ భావన ప్రాచీనభారతంలోనే ఉందనడానికి ఇది సాక్ష్యం. అయితే ఆ రెండు పేర్లూ వాయవ్యప్రాంతాలవే. దక్షిణాపథంలోని ఏ ప్రాంతమూ అక్కడ కనిపించదు.

తెలుగు అలంకారికులు, విమర్శకులు కవిత్వశైలిని ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని విభజించారు. అరటి, కొబ్బరి తెలుగువారి పెరటిచెట్లు. ద్రాక్ష మాత్రం చాలామంది పాఠకులకు ఎండిన రూపంలో, బజారు ద్వారా తెలిసిన పండు. ఆయుర్వేదంలోని ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం కూడా ఈ పండును మందుగా ఇంటికి చేర్చాయి. కషాయం కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం. ఈ రెండింటిలో పులియడానికి ధాతకీపుష్పాలను వాడే సంప్రదాయం ఉంది. ద్రాక్షను పులియబెట్టే జ్ఞానం ఆ విధంగా తెలుగువైద్యులకు పరిచితమే.

ద్రాక్షారామం అనే క్షేత్రనామాన్ని ద్రాక్షతోటకు ఆధారంగా చూపడం మాత్రం సరికాదు. అది దక్షునితో ముడిపడిన దాక్షారామం. పదసామ్యం నుంచి సాగుచరిత్రను ఊహించడంలో ఉన్న ప్రమాదాన్ని ఈ ఉదాహరణ గుర్తుచేస్తుంది. సాగుకు యాత్రికుల ప్రత్యక్షకథనాలే మెరుగైన ఆధారాలు.

3. విజయనగరం, గోల్కొండ: యాత్రికుల సాక్ష్యం

శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ అక్కడి అంగళ్ళలోని పండ్లను వర్ణించాడు. ఒక పణానికి ద్రాక్షగుత్తులు మూడు, దానిమ్మపండ్లు పది దొరికేవని అతని కథనం. రాబర్ట్ సూయల్ 1900లో ప్రచురించిన విజయనగర చరిత్రగ్రంథం ద్వారా ఈ కథనం భారతీయ చరిత్రకారులకు సుపరిచితమైంది. ఈ ధరలు రెండు విషయాలు చెబుతాయి. ద్రాక్ష అంగడిలో అమ్మేంతగా దొరికింది. అయినా దానిమ్మతో పోల్చితే ఖరీదైన పండుగానే ఉండిపోయింది.

ఆ తరువాత దాదాపు నూటయాభై సంవత్సరాలకు, 1666–67 ప్రాంతంలో, ఫ్రెంచి యాత్రికుడు థెవెనో గోల్కొండ రాజ్యాన్ని చూశాడు. అక్కడ ద్రాక్షతోటలు సమృద్ధిగా ఉన్నాయని, జనవరిలో పండ్లు పక్వమవుతాయని, ఎండ సోకే తీరును బట్టి కొన్ని తోటల్లో ఏప్రిల్ వరకు కోత సాగుతుందని అతడు రాశాడు. ఆ పండ్లతో తెల్లవైన్ తయారుచేస్తారని కూడా పేర్కొన్నాడు.

హైదరాబాదుకు ద్రాక్షను ఇరవయ్యో శతాబ్దపు తొలిరోజుల్లో నిజాం ప్రభువు తెచ్చాడని ఉద్యానశాస్త్ర రచనల్లో ఒక కథనం ఉంది. థెవెనో సాక్ష్యాన్ని పక్కన పెట్టి చూస్తే దీన్ని సవరించవలసి వస్తుంది. నిజాంకాలంలో వచ్చినవి కొత్తరకాలు. సాగు అంతకు రెండు శతాబ్దాల ముందే గోల్కొండలో ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సాగే ఆ కోతకాలం నేటి దక్కను తోటల కోతకాలానికి చాలా దగ్గరగా ఉండటం గమనార్హం. అంటే దక్కనులో ద్రాక్షను వేసవి ముదరకముందే కోతకు తెచ్చే పంచాంగం ఆధునిక పరిశోధనాకేంద్రాలకు ముందే ఇక్కడ ఆచరణలో ఉంది.

మొదటి ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరుకుతుంది. తెలుగునేలపై పాతతోట ఉన్నది. అయితే అది శతాబ్దాల వయస్సున్న మొదళ్ళ రూపంలో మిగలలేదు. కోతకాలం, కత్తిరింపు, పందిరి అనే పద్ధతుల రూపంలో మాత్రమే మిగిలింది.

4. అనాబ్-ఎ-షాహీ: వైభవం, క్షీణత

హైదరాబాదు ద్రాక్షకు దేశవ్యాప్త కీర్తి తెచ్చిన రకం అనాబ్-ఎ-షాహీ. ‘రాజద్రాక్ష’ అని ఈ పేరుకు అర్థం. దీన్ని 1890లో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదులో ప్రవేశపెట్టినట్లు ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. పెద్ద గుత్తులు, పొడవైన లేత అంబరువన్నె పండ్లు, గింజ ఉన్నా నోటినిండా రసం దీని లక్షణాలు. పందిరిపై పాకించిన తోటలో హెక్టారుకు సగటున 35 టన్నుల దిగుబడి ఇచ్చే శక్తి దీనికి ఉంది. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం ఈ సాగుకు శాస్త్రీయమైన అండ అయింది. హైదరాబాదు, రంగారెడ్డి, మెదక్, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలు దేశపు ఉష్ణమండల ద్రాక్షప్రాంతంలో భాగంగా గుర్తింపు పొందాయి.

ఈ తోటలు తరిగిపోవడానికి ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది నీరు. భారీ దిగుబడి కోసం బోరుబావులపై ఆధారపడిన సాగు భూగర్భజలాన్ని లోతుకు నెట్టింది. రెండవది భూమి విలువ. నగరం విస్తరించే దారిలో ఉన్న తోటకు ద్రాక్షగుత్తి ఎన్నటికీ తేలేనంత ధరను స్థలాల వ్యాపారం చూపింది. మూడవది ఖర్చు. కత్తిరింపు, గుత్తుల పలచన, మందుల పిచికారీ వంటి పనులన్నీ నైపుణ్యమున్న చేతులు చేయవలసినవే. కూలి పెరిగిన కొద్దీ లాభం తగ్గింది.

వైన్ విషయానికి వస్తే ఈ వైభవంలోనే ఒక పరిమితి దాగి ఉంది. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర పులిసినప్పుడు ఒక శాతం ఆల్కహాలు ఏర్పడుతుంది. అనాబ్-ఎ-షాహీ రసంలో కరిగిన ఘనపదార్థాలు సాధారణంగా 14 నుంచి 16 బ్రిక్స్ మాత్రమే. దీన్ని పులియబెడితే ఎనిమిది, తొమ్మిది శాతం దగ్గర ఆగిపోతుంది. నిలవ ఉండే వైన్‌కు కావలసిన 12–13 శాతం రావాలంటే పండు 22 నుంచి 24 బ్రిక్స్‌కు చేరాలి. తీగపై గుత్తులు తక్కువగా ఉంటేనే ఆ గాఢత సాధ్యం. కనుక తినే ద్రాక్షకు గౌరవం తెచ్చిన భారీ దిగుబడే వైన్ ద్రాక్షకు లోపమవుతుంది. పాతతోటను వైన్ కోసం పునరుద్ధరించే కుటుంబం మొదట వదులుకోవలసింది ఈ దిగుబడినే.

5. తీగకు ఏడాది: రెండు కత్తిరింపులు, ఒక కోత

చలిదేశాల్లో శీతాకాలం తీగను నిద్రపుచ్చుతుంది. ఆకు రాలుతుంది, కత్తిరింపు జరుగుతుంది, వసంతంలో కొత్త చిగురు వస్తుంది. దక్కనులో తీగకు ఆ నిద్ర లేదు. కాలం చేయవలసిన పనిని ఇక్కడ కత్తెర చేస్తుంది.

వేసవిలో, ఏప్రిల్ ప్రాంతంలో, మొదటి కత్తిరింపు జరుగుతుంది. కొమ్మలను ఒకటి రెండు కణుపుల వరకు కోస్తారు. అక్కడినుంచి వచ్చిన కొత్తకొమ్మల కణుపుల్లోనే రాబోయే గుత్తి రూపుదిద్దుకొంటుంది. ఇది కంటికి కనిపించదు. కత్తిరింపు తరువాత ఆరేడు వారాల నుంచి సాగే ఈ దశలో ఎండ, నీరు, పోషకాలు సమతూకంలో లేకపోతే కణుపు గుత్తికి బదులు నులితీగను ఇస్తుంది. అక్టోబరులో రెండవ కత్తిరింపు జరుగుతుంది. ఇది కాపు కోసం. ముదిరిన కొమ్మపై ఎక్కువ కణుపులు ఉంచి చివర కోస్తారు. రకాన్ని బట్టి నాలుగైదు నెలల్లో కోత వస్తుంది.

ఈ పంచాంగంలోని ఇబ్బంది స్పష్టమే. రాబోయే పంట నిర్ణయమయ్యే ఏప్రిల్–జూన్ మాసాలే దక్కనులో నీటికి అత్యంత కరవు కాలం. ఆ మూడు నెలలు తోటను కాపాడగలిగిన నీటివనరు లేనిదే ద్రాక్ష నాటడం సాహసమే అవుతుంది. నిద్రలేని ఈ జీవనం వల్ల తీగ త్వరగా అలసిపోతుంది కూడా. ఉష్ణమండల భారతంలో వాణిజ్యతోట ఆయుష్షును సాధారణంగా 12 నుంచి 15 సంవత్సరాలుగా లెక్కిస్తారు.

6. పాతతోట: నిర్వచనం, పునరుద్ధరణ క్రమం

అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2024లో చేసిన తీర్మానం ప్రకారం 35 ఏళ్ళు లేదా అంతకు మించిన తీగను ‘పాతతీగ’గా పరిగణించాలి. ఒక మడిలో కనీసం 85 శాతం తీగలు అటువంటివైతే అది ‘పాతతోట’. దక్కనులోని 12–15 ఏళ్ళ లెక్కతో పోల్చితే ఈ నిర్వచనం మన తోటల్లో అధికభాగాన్ని బయట ఉంచుతుంది. కాబట్టి తెలుగుప్రాంతంలో పునరుద్ధరణ అనే మాటకు రెండు అర్థాలు చెప్పుకోవాలి: అలసిన తోట ఆయుష్షును పెంచడం, తోట పోయిన నేలను తిరిగి తోటకు సిద్ధం చేయడం.

మొదటి అర్థంలో పని ఒక క్రమంలో సాగుతుంది. ముందుగా ప్రతి మొదలును పరీక్షించి బతికినవి, సగం ఎండినవి, చచ్చినవి అని గుర్తు పెడతారు. శిలీంధ్రం సోకి ఎండిన కర్రను పొడి వాతావరణంలో ఆరోగ్యకరమైన భాగం కనిపించేవరకు కోసి, తోట బయట కాల్చి, గాయానికి బోర్డో పేస్టు పూస్తారు. మొదలు పాడై వేరు బాగున్నచోట, అడుగునుంచి వచ్చిన ఒక చిగురును కొత్త మొదలుగా పెంచుతారు. ఖాళీ అయిన చోట పక్కతీగ కొమ్మను నేలలోకి వంచి అంటు తొక్కుతారు. రకం మార్చదలిస్తే బతికిన మొదలుపైనే కొత్తరకాన్ని అంటుకడతారు. ఆపై రెండు మూడేళ్ళు గుత్తుల సంఖ్యను బాగా తగ్గించాలి. తీగ తన శక్తిని కర్రలో, వేరులో నిల్వ చేసుకొనే కాలమిది. ఈ రెండు మూడేళ్ళు ఆదాయం లేకుండా నిలవగలిగిన కుటుంబానికే పునరుద్ధరణ సాధ్యం.

రెండవ అర్థంలో వేరుమూలం ఎంపిక కీలకం. పంతొమ్మిదో శతాబ్దం రెండవ భాగంలో ఫిలాక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్సు తోటలను నాశనం చేసినప్పుడు అమెరికా జాతుల వేర్లపై అంటుకట్టడమే వాటిని కాపాడింది. భారతదేశంలో అదే పద్ధతి మరొక కారణంతో వ్యాపించింది. ఉప్పునీటిని, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి రైతులు డాగ్‌రిడ్జ్ వంటి వేరుమూలాలను ఆశ్రయించారు. 1997లో పుణె సమీపంలోని మాంజరిలో నెలకొన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఈ రంగానికి మార్గదర్శి.

7. హంపి కొండల్లో ఒక తెలుగు కుటుంబం

తెలుగుకుటుంబం స్వయంగా తోట పెంచి, ఆ తోటలోనే వైన్ తయారుచేసే పద్ధతికి సమీపోదాహరణ కర్ణాటకలోని హంపి కొండల ప్రాంతంలో ఉంది. హైదరాబాదు కేంద్రంగా ఔషధపరిశ్రమను నిర్మించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు అక్కడ క్రస్మా ఎస్టేట్స్‌ను స్థాపించారు. ఇద్దరి పేర్ల కలయికే తోట పేరు. కాబెర్నే సోవిన్యోఁ, సాంజొవేసె, సోవిన్యోఁ బ్లాఁ, షార్డొనే వంటి వైన్ రకాలను ఎంచుకొని, బయటి పండ్లపై ఆధారపడకుండా తమ తోట పంటతోనే వైన్ తయారుచేసే మార్గాన్ని వారు అనుసరించారు.

ఈ ఉదాహరణకు రెండు విధాల ప్రాధాన్యం ఉంది. పేస్ ద్రాక్షగుత్తుల ధర నమోదుచేసిన రాజధాని పరిసరాలకే తెలుగుకుటుంబం ద్వారా వైన్‌తోట రావడం చారిత్రకంగా ఆసక్తికరం. అంతకన్నా ముఖ్యమైనది ఆర్థికాంశం. తోట తొలి ఏళ్ళను దాటడానికి కావలసిన ఓపికకు వెనుక మరొక పరిశ్రమ ఆదాయం ఉంది. విధానపరమైన తోడ్పాటు కూడా గమనించదగినది. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో వైన్ విధానాలను ప్రకటించాయి. కర్ణాటక ప్రత్యేకంగా వైన్ మండలిని ఏర్పరచింది. తెలుగుకుటుంబపు తోట తెలుగురాష్ట్రం సరిహద్దు దాటి వేళ్ళూనడాన్ని ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవాలి.

8. సుస్థిరసేద్యం: రాగి, మట్టి, జీవామృతం

ద్రాక్షకు ప్రధానశత్రువులు బూజుతెగులు, బూడిదతెగులు, పక్షికన్ను తెగులు. 1885లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిల్లార్దె అనే శాస్త్రవేత్త మైలతుత్తం, సున్నం కలిపిన మిశ్రమం బూజుతెగులును అరికడుతుందని నిరూపించాడు. నేడు మిరపరైతు మొదలు నిమ్మరైతు వరకు వాడే బోర్డో మిశ్రమం ద్రాక్షతోటలోనే పుట్టింది. సేంద్రియసాగులో కూడా దీనికి అనుమతి ఉంది. అయితే రాగి మట్టిలో కరిగిపోదు, ఏడాదికేడాది పేరుకొంటుంది, వానపాములకు, సూక్ష్మజీవులకు హాని చేస్తుంది. ఈ కారణంగా ఐరోపా సమాఖ్య 2019 నుంచి ఏడు సంవత్సరాల్లో హెక్టారుకు 28 కిలోల రాగి మించరాదని పరిమితి విధించింది. సేంద్రియమనే ముద్ర ఒక్కటే సుస్థిరతకు హామీ కాదని ఈ పరిమితి సూచిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో రైతుసాధికార సంస్థ 2016లో ప్రారంభించిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మట్టి జీవాన్నే ఆధారంగా తీసుకొంది. 2024లో ఈ కార్యక్రమం గుల్బెంకియన్ మానవాళి పురస్కారాన్ని పంచుకొంది. ఆవుపేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, గట్టుమట్టితో చేసే జీవామృతం, నేలను కప్పి ఉంచే ఆచ్ఛాదన, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం ఇందులోని ముఖ్యపద్ధతులు. ద్రాక్షకు వీటిని అన్వయించేటప్పుడు కొన్ని మార్పులు అవసరం. సాళ్ళ మధ్య పప్పుజాతి పైరు మట్టికి నత్రజని ఇస్తుంది. కానీ కాయ రంగు తిరిగే దశలో నత్రజని, నీరు అధికమైతే తీగ ఆకులకే శక్తిని మళ్ళిస్తుంది. అందువల్ల ఆ దశకు ముందే పైరును కోసి తీగమొదళ్ళ వద్ద పరచాలి. ఆ పరుపు ఏప్రిల్ కత్తిరింపు తరువాతి ఎండల్లో తేమను కాపాడుతుంది. బూడిదతెగులుపై పాలు, పాలవిరుగుడు నీరు పిచికారీ చేయడాన్ని ఆస్ట్రేలియాలో పరీక్షించారు. పుల్లమజ్జిగను వాడే మన రైతులకు ఇది కొత్తగా తోచదు.

మందుకన్నా ముందు గాలి పనిచేయాలి. గుత్తుల చుట్టూ ఆకులు తీసి, కొమ్మలను విరళంగా కట్టి, తడి త్వరగా ఆరేటట్లు చేస్తే పిచికారీల సంఖ్య తగ్గుతుంది. పందిరికి బదులు నిలువు తీగవరుసలను వైన్‌తోటలు ఎంచుకోవడానికి ఇదొక కారణం.

9. పల్నాడు, మాచవరం: అన్వయం

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మాచవరం ఆ జిల్లాలోని మండలం. పొరుగున ఉన్న పిడుగురాళ్ళ సున్నానికి ప్రసిద్ధి. శ్రీనాథుని పేరుతో ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాడు జొన్నకూటి సీమగా, నీటికి కటకట పడే నేలగా కనిపిస్తుంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలడంతో ఆ చిత్రం మారింది. నేడు మిరప, పత్తి ఇక్కడి వాణిజ్యపంటలు.

ద్రాక్షదృష్టితో చూస్తే ఈ నేలకు మూడు పరీక్షలు ఉన్నాయి. మొదటిది సున్నం. ఫ్రాన్సులో సున్నపునేలలు మేలైన వైన్‌లకు పేరు పొందాయి. అయితే సున్నం అధికమైన మట్టిలో తీగ ఇనుమును తీసుకోలేక ఆకులు పసుపుబారతాయి. అందుకే అక్కడ 41 బి వంటి ప్రత్యేక వేరుమూలాలను వాడతారు. రెండవది వాన. కోస్తాను తాకే అక్టోబరు–నవంబరు తుపానుల వానలు పల్నాటిపై కూడా పడతాయి. కాపు కత్తిరింపు తరువాత లేతచిగురు, పూత ఉండే కాలం సరిగ్గా అదే. బూజుతెగులుకు ఇంతకన్నా అనువైన సమయం లేదు. కత్తిరింపును తుపానుల తరువాతకు జరిపితే కోత ఎండలోకి జారుతుంది. మూడవది వేడి. రాష్ట్రంలో అత్యధిక వేసవి ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల ఈ జిల్లాలోనిదే. రాత్రులు చల్లబడనిచోట పండులోని ఆమ్లం త్వరగా ఖర్చయి, వైన్‌కు పులుపు, నిలకడ తగ్గుతాయి. బెంగళూరు సమీపంలోని నందికొండల తోటలకు ఎత్తు వల్ల దక్కే చల్లదనం కృష్ణాతీరపు మైదానానికి లేదు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే మాచవరం మేలిరకం వైన్‌ద్రాక్షకు సహజక్షేత్రం కాదని తేలుతుంది. అయితే ద్రాక్షతోట నేర్పే పాఠం ఇక్కడి నిమ్మ, బత్తాయి, మామిడి వంటి దీర్ఘకాలపంటలకు నేరుగా వర్తిస్తుంది. ఆ పాఠం భూమిహక్కుకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్‌లో సాగుభూమిలో గణనీయభాగం కౌలుదారుల చేతుల్లో ఉంది. 2019 నాటి పంటసాగుదారు హక్కుల చట్టం కౌలుదారుకు ఇచ్చే పత్రం గడువు 11 నెలలు. పంటరుణం, బీమా, నష్టపరిహారం పొందడానికి ఆ పత్రం ఉపయోగపడుతుంది. కానీ 11 నెలల గడువున్న రైతు మూడేళ్ళకు కాచే మొక్కను నాటలేడు. రెండేళ్ళకు ఫలితమిచ్చే జీవామృతంపై, ఆచ్ఛాదనపై శ్రమ పెట్టడానికీ వెనుకాడతాడు. మట్టిని బాగుచేస్తే పెరిగేది మరుసటి ఏటి కౌలే కావచ్చునన్న అతని భయం నిర్హేతుకం కాదు. మిరపచేలో మందుల మోతాదు పెరగడాన్ని రైతు అజ్ఞానంగా చూసే విశ్లేషణలు ఈ గడువును లెక్కలోకి తీసుకోవలసి ఉంది.

10. మద్యం, సమాజం

తెలుగునేలపై వైన్ గురించిన ఏ చర్చ అయినా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమాన్ని విస్మరించలేదు. పేదస్త్రీలు నడిపిన ఆ ఉద్యమఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణనిషేధం 1997లో సడలింది. వైన్‌ను ‘పండ్ల పానీయం’గా, ‘రైతుకు మేలు’గా చూపే వాదన ఈ చరిత్రకు జవాబు చెప్పుకోవాలి. ఎస్టేటు వైన్ ధర దృష్ట్యా సారాతో సమానం కాకపోవచ్చు. అయినా కూలిడబ్బు మద్యానికి పోయిన ఇళ్ళ స్త్రీలు తోటలో కత్తిరింపు, గుత్తుల పలచన పనులకు వచ్చేవారే కావచ్చు. పాతతోటకు కొత్త ఉపయోగం వైన్ ఒక్కటే కాదు. ఎండుద్రాక్ష, రసం, తినేపండు కూడా అదే పంచాంగంలో, అదే మట్టిలో సాధ్యం. ఏది ఎంచుకోవాలన్న నిర్ణయంలో తోటలో పనిచేసేవారి మాటకు చోటుండటం సామాజిక సుస్థిరతలో భాగం.

11. ముగింపు

• విజయనగర, గోల్కొండ యాత్రికుల కథనాలు తెలుగుసీమలతో ముడిపడిన ద్రాక్షసాగు నిజాంకాలానికన్నా ప్రాచీనమైనదని నిరూపిస్తున్నాయి. జనవరి–ఏప్రిల్ కోతకాలం ఆ సంప్రదాయపు ముఖ్యమైన వారసత్వం.

• అనాబ్-ఎ-షాహీ తోటల క్షీణతకు రకం లోపం కన్నా నీరు, భూమి ధర, కూలి ఖర్చు ప్రధానకారణాలు. భారీ దిగుబడిని లక్ష్యంగా పెట్టుకొన్న పద్ధతిలో వైన్‌కు కావలసిన గాఢత సాధ్యం కాదు.

• 35 ఏళ్ళ అంతర్జాతీయ ప్రమాణం దక్కను తోటలకు యథాతథంగా సరిపోదు. ఇక్కడ పునరుద్ధరణ అంటే మొదలును కాపాడటంతో పాటు నేలను తిరిగి తోటకు సిద్ధం చేయడం.

• రాగి పరిమితి వంటి అంశాలు సేంద్రియముద్రకూ సుస్థిరతకూ మధ్య ఉన్న దూరాన్ని చూపుతున్నాయి. ఏప్రిల్–జూన్ నీటిభద్రత, ఆచ్ఛాదన, గాలి ఆడే తీగకట్టు ఈ దూరాన్ని తగ్గిస్తాయి.

• మాచవరం ప్రాంతానికి వైన్‌ద్రాక్షకన్నా ద్రాక్షతోట నేర్పే కాలదృష్టి ఎక్కువ ఉపయుక్తం. 11 నెలల కౌలుపత్రం స్థానంలో బహువార్షిక భద్రత ఏర్పడినప్పుడే ప్రకృతి వ్యవసాయం కౌలుచేలలో వేరూనుతుంది.

క్రస్మా తోట తొలి ఏళ్ళ ఓపికను మరొక పరిశ్రమ ఆదాయం భరించింది. మాచవరంలోని కౌలురైతుకు అటువంటి అండ లేదు. ఆ ఓపికను అతనికి చట్టమే సమకూర్చాలి.